రెండు లక్షల ఎనబై వేల ఆకులు

మంచిర్యాల దుకాణంల
మూతలు తెరిచి నిలబెట్టిన ల్యాప్‌టాపులు,
ప్రాణహిత బండల మీద
రెక్కలారేసుకునే నీటికాకుల లెక్క.
మా అమ్మ రాజుబాయి చెప్పులు బయట విడిచింది.
"పర్లేదమ్మా, వేసుకొనే రండి" అన్నడు పిల్లగాడు.
ఆమె వినలే.

సిరొంచల దొరకదు.
చంద్రపూర్ పోతే బస్సుకే ఒక దినం.
అందుకే వంతెన దాటినం.
నడుమకు రాంగనే ఫోను
వేరే రాష్ట్రానికి స్వాగతం చెప్పింది,
కింద నీళ్లు మాత్రం ఏమనలే.

నా కాగితం నా చేతుల ఉన్నది.
దుర్గం బానయ్యన్న రాసిచ్చిండు,
పాలిటెక్నిక్‌ల మూడో ఏడు, సివిల్.
"ర్యామ్ పదహారు. డిస్కు ఎస్‌ఎస్‌డీనే.
గ్రాఫిక్స్ కార్డు ఉంటే మంచిది,
లేకుంటే మొదటి ఏడాది గడుస్తది.
బరువు చూడు, హాస్టలు నాలుగో అంతస్తు.
చార్జరు ఎవ్వలకియ్యకు."
చివరి ముచ్చట కింద రెండు గీతలు కొట్టిండు.
ఎందుకో అడగలే.

పిల్లగాడు ముందుగాల ఎర్ర దీపాలది చూపెట్టిండు.
అక్షరాల కింద నిప్పులు రాజుకున్నట్టు వెలుగు.
డెబ్బై నాలుగు వేలు.
అబద్ధమెందుకు, నా పానం దాని మీదనే ఉండె.
ఆ వెలుగుల నా వేళ్లు
ఇదివరకే ఇంజనీరువి లెక్క కనవడ్డయ్.

అమ్మ గోడవతలికి చూసుకుంట
పెదవులతోని లెక్కవెట్టింది.
వంద తునికాకు కట్టలకు తొమ్మిది వందలు.
కట్టకు డెబ్బై ఆకులు.
తెల్లారక ముందు అడవి, పొద్దెక్కేసరికి మోపు,
మాపటికి ఫడి కాడ వరుస.
"ఇంకోటి చూపెట్టు బిడ్డా" అన్నది.

లోపలి నుంచి తెచ్చిండు.
హైదరాబాదుల ఏదో ఆఫీసుల నాలుగేండ్లు పని చేసిందట.
నల్లగ, సాదాగ,
మూత మీద స్టిక్కరు పీకిన జిగురు మరక.
ఒక అక్షరం సగం అరిగిపోయింది,
ఎవ్వలో దాన్నే మస్తు కొట్టిండ్రు.
ముప్పై ఆరు వేలు, ఏడాది గ్యారంటీ.

అమ్మ దాన్ని రెండు చేతులతోని లేపి తూకం చూసింది.
మూత తెరిచింది, మూసింది, మళ్ల తెరిచింది.
మోపు ముడి చూసినట్టు
కీలు కాడ చెవి పెట్టి ఇన్నది.
"కరెంటు పోతే ఎంతసేపు బతుకుతది?"
"నాలుగ్గంటలమ్మా."
"మా కాడ వానకాలం నాలుగ్గంటలల్ల ఒడువదు."
పిల్లగాడు నవ్విండు. నేను నవ్వలే.
రాసుకున్న కాగితంల ఆ ప్రశ్న లేకుండె.

దీనికి బ్యాటరీ మార్చొచ్చు అన్నడు,
నాలుగు మరలు ఇప్పితే చాలు.
అమ్మ తల ఊపింది.
ఇప్పి బాగుచేసుకునే సామానంటే ఆమెకు నమ్మకం.

నాలుగు వేల కట్టలు.
రెండు లక్షల ఎనబై వేల ఆకులు.
నోట్లు లెక్కవెట్టేటప్పుడు కూడ
కట్ట కట్టినట్టే బొటనవేలు తిప్పింది.

ఆఖరుకు పిల్లగాడు వేలిముద్ర పెట్టుమన్నడు.
నాది ఒక్కసారికే తీసుకున్నది.
"అమ్మది గూడ పెట్టన్నా" అన్న.
బొటనవేలు: మళ్ల ప్రయత్నించండి.
చూపుడువేలు: మళ్ల.
కోటా దుకాణంల గూడ ఇట్లనే, అన్నది అమ్మ,
తప్పు తనదైనట్టు.
నారతోని, జిగురుతోని, ఎండతోని
వేళ్లు పలకల లెక్క తుడుచుకపోయినయ్.

ఎడమ చేతి చిటికెన వేలు.
కట్ట కట్టేటప్పుడు పక్కకు నిలబడి చూసే వేలు.
తెర తెరుచుకున్నది.
పెనం తాకినట్టు చెయ్యి గుంజుకున్నది.
"నాకెందుకే ఇది?"

దీపాళి సెలవులకు పోయిన.
నేను పండుకున్ననని అనుకున్నది.
చీకట్ల మెల్లగ మూత తెరిచింది,
చిటికెన వేలు పెట్టింది,
మొకం మీద వెలుగు వడంగనే మూసేసింది.
జరసేపాగి
మళ్లొక్కసారి తెరిచింది,
ఇంక గుర్తువడుతున్నదా లేదా అని.