సొరుగు తాళం

కార్మిక శాఖ కుర్రాడు గుమ్మంలో బూట్లు విప్పి
మేజోడు చిల్లు కనబడకుండా కాళ్లు ముడుచుకుని
కొత్త నిబంధనల కట్ట నా ముందు పెట్టాడు.
నలభై రెండు పేజీలు.
పచ్చ కాగితం అంటించినచోట సంతకం, ఎర్రది అంటించినచోట ముద్ర.
"ఇకమీదట, హమసాకి గారూ,
బయటి దేశం పనివాళ్ల పాస్‌పోర్టులు
యజమాని దగ్గర ఉండకూడదు.
ఒక్క రాత్రయినా. వాళ్లే దాచమని ఇచ్చినా సరే."

నా దగ్గర అలాంటివేం లేవన్నాను.
డెబ్బై మూడేళ్ల నోరు ఇది.
అబద్ధం ఆల్చిప్ప అంచులా
నాలుకని లోపలే కోసింది.

షెడ్డులో ఆరుగురు వియత్నాం పిల్లలు
తెల్లారగట్ల మూడింటి నుంచీ నిలబడి
మూసుకున్న చిప్పల పెదాలు కత్తితో విప్పుతున్నారు.
రేడియో చెడిపోయి చాన్నాళ్లయింది.
హినాసే రేవులో చలికాలమంతా
చిప్ప మీద చిప్ప పడే చప్పుడే మాకు గడియారం.

సొరుగు మా ఆయనది.
"చిన్నపిల్లలు, ఎక్కడో పారేసుకుంటారు" అనేవాడు కియోజీ.
ఆయన పోయాక తాళంచెవీ ఆ మాటా
రెండూ నాకే వచ్చాయి.
ఏటా దిగే కొత్త పిల్లలకి అదే అప్పజెప్పాను.
ఎవరూ ఎదురడగలేదు.
అడగకపోవడాన్ని నమ్మకమని
జమ వైపు రాసుకున్నాం.

ఆ రాత్రి సొరుగు లాగాను.
ఇంజన్ ఆయిలు రసీదు, ఒంటి కాలు కళ్లజోడు,
ముద్ర ఉన్న చెక్కడబ్బీ,
ఆకుపచ్చ పుస్తకాలు నాలుగు, నీలివి రెండు.
చుట్టిన రబ్బరు బ్యాండు ముట్టుకోగానే
ఎండిన పురుగులా ముక్కలైంది.
థోవా పుస్తకం తెరిచాను.
నవ్వని ముఖం, చెవులు కనిపించేలా వెనక్కి దువ్విన జుట్టు.
పుట్టినరోజు మొన్న ఆదివారమే వెళ్లిపోయింది.
ఆదివారం తనకి ఓవర్‌టైమ్ వేసింది నేనే.

పొద్దున చేతికిచ్చాను.
తడి గ్లౌజులు లాగేసి
ఏప్రన్‌కి వేళ్లు తుడుచుకుని
రెండు చేతులతో అందుకున్నారు, నేనేదో బహుమానం ఇస్తున్నట్టు.
అదే ఎక్కువ సిగ్గనిపించింది.
ల్యెన్ తన ఫొటో చూసి పకపకా నవ్వింది.
థోవా తెరవనేలేదు,
ఏప్రన్ లోపల, స్వెట్టర్ లోపల, ఇంకా లోపల ఎక్కడో పెట్టుకుంది.
తర్వాత అందరూ మళ్లీ కత్తులు పట్టారు.
మాట లేదు.

పందొమ్మిదో పేజీలో ఉన్నది నేను చదవలేదు.
థోవా చదివింది, మా భాషలో, వేలు పెట్టి.
గడువు నిండినవాళ్లు చోటు మారవచ్చట,
యజమాని అడ్డు చెప్పకూడదట.
మూడోవారం ఫారం తెచ్చింది.
హిమేజీలో రొట్టెల ఫ్యాక్టరీ.
"అక్కడ చేతులు వెచ్చగా ఉంటాయి" అంది
తప్పు చేసినదానిలా.

జనవరి. పడవలు నిండుగా వస్తున్న నెల.
'సీజను అయ్యాక చూద్దాం' అనే మాట
పళ్ల వెనక దాకా వచ్చి నిలబడింది.
ఖాళీ సొరుగులో ముద్ర ఒక్కటే దొర్లుతోంది.
సిరా ఎండిపోయింది.
దాని మీద హా అని ఊపిరి ఊది, నొక్కాను.
కొంచెం వంకరగా పడింది.

వెళ్లిపోతున్న కారణం అని ఒక గడి ఉంది, యజమాని నింపాల్సింది.
వ్యక్తిగతం అని రాశాను.
కొట్టేసి, చలి అని రాశాను.

ఇవాళ కుర్రాడు ఫోను చేశాడు.
"హమసాకి గారూ, కారణాల పట్టికలో చలి లేదండీ.
కుటుంబం ఉంది, అనారోగ్యం ఉంది, ఇతరములు ఉంది."
గోడ మేకుకి థోవా కత్తి వేలాడుతోంది,
ఎడమచేతి వాటానికి అరగదీసుకున్నది,
మిగిలిన ఐదుగురిలో ఎవరికీ పనికిరాదు.
"రేపు మూడింటికి రా నాయనా," అన్నాను,
"మేజోళ్లు రెండు జతలు వేసుకో.
ఒక గంట నిలబడ్డాక
ఏ గడిలో రాయాలో నువ్వే చెబుదువుగాని."