సినిమా బాయి

మోటరు నడిపినోన్ని నేను.
ఈ మాట ముందుగాల చెప్పుకోవాలె,
తెర మీద యాడా లేదు గనుక.

కృష్ణ స్టేషన్ దిగి, మక్తల్ దిక్కు ఐదు మైళ్లు.
గుండ్ల నడుమ ఎర్ర దిబ్బ.
ఆ ఏడు ఎండకాలం
బెంగుళూరు నుంచి నాలుగు లారీలు వచ్చినయి,
ఒక గొడుగు, ఒక కుర్చీ,
కుర్చీల ఎన్నడూ కూసోని హుక్కేరి సారు.

నూరేండ్ల కింది కరువు కథ అన్నరు. కన్నడ సినిమా.
అప్పటికే నాలుగేండ్లాయెనట మొదలువెట్టి,
పైసలొడిసి రెండుసార్లు ఆగిందట,
పెండ్లాం గాజులు, తండ్రి ఇచ్చిన జాగ
అన్నీ దాన్లనే పోసిండట.
మాకేం తెలుసు.
కూలి మూడొందల యాభై, పగటాల్ల అన్నం.

ఎండిన బాయి కావాలె అన్నడు.
మా తాన ఎండిన బాయిలకు కరువా?
తిప్పి తిప్పి పది చూపిస్తిమి.
ఒకదాన్ల సిమెంటు వరలు.
ఒకదాని మీద కరెంటు తీగె.
ఒకదాన్ల తిప్పయ్య దూకి సచ్చిండు,
దాని దిక్కు కెమెరా తిప్పొద్దని
ఆయన పెండ్లాం దండం వెట్టింది.
ఏదీ కుదరలే. కొత్తది తవ్వుమన్నడు.

తవ్వుడు మాకు చెప్పాల్నా?
యాడి మట్టైనా మా గడ్డపారను గుర్తువడుతది.
చిన్నాశప్ప, మొగులమ్మ, కుర్వ బీరప్ప, వాని తమ్ముడు,
అంత కలిసి ఇరవై రెండు మందిమి.

పంతొమ్మిదో దినం పొద్దుగాల
ఇరవై ఎనిమిది అడుగుల కాడ
బీరప్ప గడ్డపార చప్పుడు మారింది,
తడిగోడను అరచేత్తో కొట్టినట్టు.
జల!
మొగులమ్మ పసుపు తెమ్మని అరిసింది.
పైనుంచి హుక్కేరి సారు వంగి చూసి
తల పట్టుకున్నడు:
"నీరు బేడ! నీరు బేడ!"

బేడ అంటే వద్దని మాకు తెలుసు.
సంతల, సుట్టరికంల, తిట్లల్ల మాది సగం కన్నడమే.
కానీ ఆ రెండు మాటలు పక్కపక్కన
తాతల నాటినుంచి ఎవలూ అనంగ వినలే.

అట్ల దొరికింది నాకు పని.
రాత్రంత ఊరే జలను తెల్లారకముందే తోడాలె.
అడుగున గడ్డి కాల్చి, బూడిద జల్లి,
పగుళ్లు ఏలితో గీసి,
పొద్దెక్కేటాల్లకు బాయి సచ్చినట్టు పండాలె.
తోడిన నీళ్లు పారి
ఆశప్ప బీడుల గడ్డి మొలిచింది.
కెమెరాల పడుతదని
దాన్ని గూడ పీకిచ్చిండ్రు.

ఇరవై ఆరు దినాలు.
అన్నీ ఒక్క ఏడు నిమిషాల ముచ్చటకు:
తాడుకు కట్టిన కెమెరా బాయిల దిగుతది,
మాట లేదు, పాట లేదు,
అడుగున ఒక ముసలామె మట్టి వాసన చూస్తది.
పదకొండుసార్లు తీసిండు.
పన్నెండోసారి ఆమె అలిసి నిజంగనే ఏడ్సింది.
"సాకు" అన్నడు సారు.

రెండేండ్లకు బొమ్మ పడ్డది.
రాయచూర్ల సెకండ్ షో.
ప్యాసింజరుకు పోయినం తొమ్మిది మందిమి,
హాల్ల మొత్తం పద్నాలుగు.
ఒకడు ఈల కొట్టి ఫైటు ఎప్పుడని అడిగిండు,
ఒకాయన తువాల మొకం మీదేసుకొని పండుకున్నడు.
బాయి దిగే ముచ్చట రాంగనే
చిన్నాశప్ప నా మోకాలు పట్టుకున్నడు.
నేను గీసిన పగుళ్లు, ఇంతింత వెడల్పు.
నా గొంతు ఎండింది, నిజం,
కింద రెండు జానల్ల జల ఉన్నదని తెలిసి గూడ.

ఆఖర్ల పేర్లు పైకి పాకినయి.
కన్నడం మాట్లాడుత గని చదువ రాదు.
అచ్చరాలు మనయసొంటియే, మేనత్త బిడ్డల లెక్క.
ఒకదాని చివర 'ప్ప' కనవడ్డది.
దాని ముందల ఏమున్నదో చూసేలోపల
లైట్లేసిండ్రు.

శుక్రారం వచ్చింది, సోమారం లేసిపోయింది.
యాడనో దూరదేశంల మాత్రం
జనం లేసి నిలవడి చప్పట్లు కొట్టిండ్రట.
అంత ఎండు బాయి లోకంలనే చూడలేదని
ఒక పేపరాయన రాసిండట,
నారాయణపేట చీరెల సేటు చదివి చెప్పిండు.
ఆ ఎండు నా చేతిది అన్న.
సేటు నవ్వి చీరె మడత వెట్టిండు.

మొన్న వానలకు ముందు సారు ఒక్కడే వచ్చిండు,
గడ్డం నెరిసింది, గొడుగు లేదు.
బాయి కింద ఇప్పుడు ఆశప్ప మిరపతోట.
సినిమా బాయి అంటరు అందరు,
పోరగాండ్లకు ఎందుకో తెల్వది.
మోటరేసిన. అదే మోటరు.
చెప్పులిడిసి పైపు కింద కాళ్లు వెట్టి
"ఎష్టు అడి?" అని అడిగిండు.
ఇరవై ఎనిమిది.
నేను దిగలే, కెమెరానే దిగింది, అన్నడు.

మూడు దినాల బత్తెం నాకు రావాలె ఇంకా.
నేనడుగలే. ఆయన ఎత్తలే.
అంతల కరెంటు పోయింది.
పైపుల మిగిలిన నీళ్లు
ఆగి ఆగి పడుతుంటే
ఇద్దరం నిలవడ్డం.