తరుగు

మిర్యాలగూడల ఎరువుల దుకాణం మీద
రెండో అంతస్తు. యూరియా వాసన. ఆరు కంప్యూటర్లు.
ఖాజా సారు తెర మీద బూడిదరంగు పలక తెరిచి
"ఇది ఫారం" అన్నడు.
పలక నిండా చుక్కలు.
ముగ్గు పెట్టనీకి పిలిచిన్రా సారూ, అన్న.

"ముగ్గే అనుకో సైదమ్మా. గీతలు మాత్రం నువ్వు గీసుడు లేదు.
ఎడమ దిక్కు పెట్టెల అన్నీ ఉన్నయి.
పట్టు, గుంజు, ఇడువు."
పట్టిన. గుంజిన. ఇడిసిన.
నా ఏలి కింద ఒక బటన్ మొలిసింది,
కమాండ్ ఒకటి అని పేరు తనే రాసుకొని.
పేరు మార్చొచ్చని తెల్వక
మూడు దినాలు దాన్ని అట్లనే పిలిచిన.

పది రెండుసార్లు తప్పినదాన్ని.
ఇంగ్లీషు నాకు మొండి బర్రె,
పిలిస్తె రాదు, గుంజితే వస్తది.

బటన్‌ను రెండుసార్లు టకటక కొడితె
ఎన్కకు ఒక అర్ర తెరుసుకుంటది.
ఒత్తితె ఏం కావాల్నో అండ్ల రాయాలె.
నేను రాసిన మొదటి మాట: అన్నం తిన్నవా.
ఒత్తిన. అడిగింది.
ఇంటికి పొయ్యి చెప్పిన,
అమ్మా, ఇయ్యాల ఒకదానితోని మాట్లాడిపిచ్చిన.
"దానికి జీతమెంత?" అన్నది అమ్మ.

జీతం నాకొచ్చింది. వేములపల్లి రోడ్డు మీద రైసుమిల్లు,
కాంటా అర్రల కొలువు.
పదకొండు రోజులు కూసొని డబ్బాలు పేర్చిన:
బండి నంబరు, రైతు పేరు, బస్తాలు,
నిండు బరువు, ఖాళీ బరువు,
అడుగున ఆకుపచ్చగ నికరం.
సేటు పావుకిలో జిలేబీ తెప్పిచ్చిండు.

తెల్లారి తలుపు దగ్గరికేసి వచ్చిండు.
"బిడ్డా, బస్తాల కింద ఇంకో డబ్బా పెట్టు. తరుగు.
బస్తాకు కిలన్నర.
నిండు బరువులనే కొట్టెయ్యాలె,
తీసివేత తప్పినట్టు ఉండొద్దు.
డబ్బా లెక్కల ఉండాలె, తెర మీద ఉండొద్దు.
అయితదా?"

అయితది.
గుణాల పట్టికల అడుక్కు పోతె
విజిబుల్ అని ఒక వరుస. ట్రూ అని ఉంటది.
ఫాల్స్ చేస్తె అయిపాయె.
ఖాజా సారు దాన్ని ఆటలెక్క నేర్పిండు,
బటన్ ఒత్తితె కుందేలు బొమ్మ మాయం.
మార్చిన.
చుక్కల మీద నాకు కనబడ్తనే ఉన్నది,
నడిపిచ్చినప్పుడు ఎవ్వలికీ కనబడది.

యాసంగి వడ్లతోని
అడవిదేవులపల్లి దిక్కు తండా నుంచి సక్రిబాయి వచ్చింది.
అరవై బస్తాలు.
చీటీ ముట్టుకోలె. చదువు రాదు.
కిటికీల నుంచి తెర దిక్కే చూసి చూసి,
"బేటీ, ఈడ ఇంత జాగెందుకు ఇడిసినవ్?
ఎవలన్న కూసునేది ఉన్నదా?"

బస్తాలకూ నిండు బరువుకూ నడుమ
ఒక డబ్బా పట్టేంత ఖాళీ.

"నాట్లేసే దాన్ని.
వరుసల సందు ఉంటె కండ్లకు కొడ్తది" అన్నది,
నవ్వుకుంటనే.

అరవై బస్తాలు. తొంబై కిలోలు.
ఆ రాత్రి కింది డబ్బాలను మీదికి జరిపితె అయిపోవు.
మౌసు పట్టిన. గుంజిన.
ఇడవబుద్ధి కాలె.
మళ్ల కిందికే తెచ్చి
ఫాల్స్‌ను ట్రూ చేసిన.
ఎర్ర రంగు ఏసి, అచ్చరాలు పెద్దగ చేసిన.

మర్నాడు పొద్దుగాల మూడు ట్రాక్టర్లోళ్లు చూసిన్రు.
నాలుగో ట్రాక్టరు రాకముందే
సేటు తాళంచెయ్యి అడిగిండు.

ఇప్పుడక్కడ పట్నం నుంచి తెచ్చిన ప్రోగ్రామంట.
మస్తు సోకుగున్నదంట.
సందు ఏడ లేదంట.

నేను ఎరువుల దుకాణం మీదనే ఉన్న.
ఖాజా సారుకు కండ్లు సరిగ ఆనుత లేవు,
పొద్దటి పిల్లలకు నేనే చెప్త.
పట్టు, గుంజు, ఇడువు.
కుందేలు ఆట వచ్చినప్పుడు
పిల్లలు చప్పట్లు కొడ్తరు,
వెంకటాపురం పిలగాడొకడు మాత్రం అడిగిండు,
"టీచరమ్మా, అది ఏడికి పోయింది?"

ఏడికి పోలె నాయినా.
ఆన్నే ఉన్నది.