కొసరు

స్విండన్ శివార్లో అరవై మూడో నంబరు ప్లాటు.
ఇంకా పేరు అతికించని వీధి,
ఇంకా రంగు ఆరని తలుపు.
బేరం మాత్రం పక్కనున్న నమూనా ఇంట్లో.

అక్కడ టీవీ అట్టది.
అల్మరాలో పుస్తకాలకు వెన్నులే ఉన్నాయి, పేజీల్లేవు.
గాజు గిన్నెలో నిమ్మకాయలు ప్లాస్టిక్‌వి.
గేనర్ నవ్వొక్కటే
ఏ సరుకుతో చేసిందో తేలలేదు.

"మూడు లక్షల నలభై రెండు వేల పౌన్లు," అందామె
టీలో పంచదార ఎన్ని చెంచాలని అడిగినంత మెల్లగా.
హైమ ఒళ్లోంచి చేతిసంచి తీసి బల్లమీద పెట్టింది.
పెళ్లికి ముందు చీరాల్లో మూడేళ్లు
బట్టల కొట్టు గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి.
అమ్మేవాడు ఎక్కడ అబద్ధమాడతాడో
గుడ్డ మడత పెట్టే తీరులోనే పట్టేస్తుంది.

"మూడు లక్షల ఇరవై," అంది.
నేను బూట్లకేసి చూసుకున్నాను.
ఆఫీసులో పొద్దస్తమానం పరుల అంకెలకు
టిక్కులు పెట్టేవాణ్ణి,
సొంత అంకె ఒక్కటి నోట పలకాలంటే
గొంతులో గింజ అడ్డం పడుతుంది.

"ధర మా చేతుల్లో లేదండీ, హెడ్డాఫీసుని అడగాలి."
ఫోను పట్టుకుని గేనర్ పక్క గదిలోకి వెళ్లింది.
గోడ పల్చన.
మాటలేవీ వినబడలేదు,
కెటిల్ మరిగిన చప్పుడు వినబడింది.
హైమ నా చెవిలో అంది:
"జూన్ నెలాఖరు. అర్ధసంవత్సరం లెక్కలు.
ఈ ఇల్లు మిగిలిపోతే నిద్ర పట్టనిది మనకి కాదు."

తిరిగొచ్చి వెయ్యి తగ్గించింది.
"సరే, ఇల్లు ఇంకోసారి చూద్దాం," అంది హైమ.

ఖాళీ వంటింట్లో
సంచిలోంచి ఒక నిమ్మకాయ తీసింది,
పులిహోరకని పొద్దున కొన్నది, అసలుసిసలుది.
నేలమీద ఉంచి చెయ్యి తీసింది.
అది ఒక క్షణం ఆలోచించి
కదిలింది.
డిష్‌వాషర్‌కి వదిలిన ఖాళీ దాటి
కిటికీ మూలకు పోయి
గోడకు తల ఆనించింది.

"ఈశాన్యం!" అన్నాను, పైకే.
పల్లం ఈశాన్యానికి! అడిగి చేయించుకున్నా
ఇంత బాగా కుదరదు.
హైమ మడమ నా కాలివేళ్లమీద దిగింది.
"ఏమంటున్నారాయన?" అడిగింది గేనర్.
"బాధపడుతున్నారు," అంది హైమ.

సైటు మేనేజరు ప్రిచర్డ్‌ని పిలిపించారు.
పసుపు కోటు, మోకాళ్లకు సిమెంటు, చెవిమీద పెన్సిలు.
వంగి రసమట్టం పరిచాడు.
గాజులో బుడగ గీత దాటి తప్పుకుంది.
"నాలుగు మిల్లీమీటర్లు. నిబంధనల ప్రకారం తప్పు కాదు."
గేనర్ ఊపిరి వదిలింది.
అతను మాత్రం లేవలేదు.
అరచేత్తో నేలను ఓసారి నిమిరి
"మా ఇంట్లో అయితే నేనొప్పుకోను," అన్నాడు.

ఆ ఒక్క మాట ఖరీదెంతో
ఆ గదిలో నలుగురికీ తెలుసు.

కాగితం మీద ధర అలాగే ఉంది.
అది తగ్గితే వీధి వీధంతా తగ్గమంటుందట.
స్టాంపు డ్యూటీ వాళ్ల ఖాతాలోకి పోయింది.
మెట్లకు కార్పెట్టు వచ్చింది, పెరటికి పచ్చిక.
సంతకం దగ్గర హైమ కలం ఆపి
"కొసరు?" అంది, తెలుగులోనే.
గేనర్‌కి ఏమర్థమైందో గానీ
పెరట్లో ఒక కుళాయి రాసిచ్చింది.

తాళాలిచ్చిన రోజు ప్రిచర్డ్ కనబడలేదు.
వేరే సైటుకి మార్చారని ఒకరు,
మానేశాడని ఇంకొకరు.
నేల సరిచేసి పెడతామని కంపెనీ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి.
హైమ జవాబు రాయనివ్వలేదు.

ఇప్పుడు వంటింట్లో ఏది చేజారినా
వెతకడానికి మాకు ఒకటే మూల.
ఉల్లిపాయో, చొక్కా గుండీయో,
వంగి తీసుకునేటప్పుడల్లా
నేలను నిమిరిన ఆ చెయ్యి గుర్తొస్తుంది.
అతనికి ఒక మాట చెప్పాల్సింది,
ఆ వాలు మాకు నచ్చిందని.

చెబితే బేరం చెడేది.