ముద్దాయి: ఒక తెల్ల వ్యాను

కాగితం మీద మా మామయ్య పేరు లేదు.
నా పేరూ లేదు.
"అలబామా రాష్ట్రం వర్సెస్
ఒక తెల్ల వ్యాను, అందులోని సామాను"
అని ఉంది.

వ్యాను బోనెక్కలేదు కదా,
దాని బదులు మామయ్య లేచి నిలబడ్డాడు.
డెబ్భై ఒక్కేళ్ళ లూషియస్ టార్వర్,
మొబిల్ ఊళ్ళో సగం చర్చీల పియానోలకు
గొంతు సవరించే మనిషి.

ఆ రాత్రి నడిపింది నేను.
వెనక సీట్లో రాండెల్. వాడి జేబులో ఏముందో
అడగలేదు నేను.
వెనక లైటు వెలగట్లేదని ఆపారు.
రాండెల్‌ని తీసుకెళ్ళారు, నన్ను వదిలేశారు,
వ్యానుకి మాత్రం గొలుసేసి ఈడ్చుకుపోయారు.
నోరులేనిది కదా.

మొదటి వాయిదాకి జడ్జి రాలేదు.
రెండోదానికి తుఫాను.
మూడోసారికి ఫారం రంగు మారిందట,
నీలంది చెల్లదు, గులాబీది నింపాలట.
దాని ఫీజు మూడు పియానోల కూలి.
పనిముట్లన్నీ మీ దగ్గరే ఉంటే
ఆ మూడు పియానోలు ఎలా చేస్తాడని
కిటికీ వెనకామెని అడిగాను.
ఆమె నిజంగానే కాసేపు ఆలోచించింది.
"తర్వాత," అంది,
నా వెనక మనిషితో.

ఏడు నెలలు మామయ్య బస్సుల్లో తిరిగాడు.
ఆదివారం ఆరాధనలో ఏదో మెట్టు తప్పి పలికితే
పంటినొప్పి ఉన్నవాడిలా
దవడ పట్టుకుని కూర్చునేవాడు.
నన్ను ఒక్క మాట అనలేదు.
అంటే బాగుండేది.

నాలుగో వాయిదాలో జడ్జి ప్రూయిట్ గారు
కళ్ళజోడు పైనుంచి చూసి,
"వ్యాను సరే, కాగితాలున్నాయి.
ఈ శృతిదండం మీదేనని రుజువేమిటి?" అన్నారు.

రసీదు లేదు.
ఒడెస్సా టీచరమ్మ ఆస్పత్రి మంచం మీద
రుమాల్లో చుట్టి ఇచ్చిన వస్తువది.
"అమ్మా," అన్నాడు మామయ్య,
"ఎడమ కొమ్మ చివర
బియ్యపుగింజంత సొట్ట ఉంటుంది.
పదకొండో ఏట నేనే పడేశాను, మెట్ల మీద.
సంచి విప్పి చూడండి,
నేను కళ్ళు మూసుకుంటాను."

నిజంగానే మూసుకున్నాడు.
ప్లాస్టిక్ సంచి చిరిగిన చప్పుడు
కోర్టంతా వినబడింది.

సొట్ట ఉంది.
సర్కారు వకీలు
"మాకు అభ్యంతరం లేదు" అన్నాడు.
ఏడు నెలలకి మూడు మాటలు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడంటారు.
మాకు ఇంటిదాకా వెళ్ళే పనే పడలేదు.
ఈడ్చుకెళ్ళిన కూలి మేమే కట్టి,
ఉంచుకున్న అద్దె మేమే కట్టి,
యార్డులో తాళం తిప్పితే
వ్యాను ఒకసారి దగ్గి ఊరుకుంది.
డాష్‌బోర్డు మీద కందిరీగల గూడు.

మామయ్య వ్యాను వంక చూడలేదు.
శృతిదండాన్ని మోకాలికి కొట్టి
చెవి దగ్గర పెట్టుకున్నాడు.
మళ్ళీ కొట్టాడు.
"తగ్గింది," అన్నాడు.

అప్పుడు కనబడింది నాకు,
కొమ్మలు చీలే చోట కొత్తగా మెరుస్తూ
ఆరంకెల కేసు నంబరు.
ఎవరో శ్రద్ధగా, వరస తప్పకుండా
మిషనుతో చెక్కారు.
"ఎంత తగ్గింది?"
"వెంట్రుకంత. వాళ్ళు తోడిన ఉక్కంత."

నాకేమీ తేడా తెలియలేదు.

ఆ శనివారం బెతెల్ చర్చిలో
దండం మోగించి, తీగ బిగించి, ఆగాడు.
తల అడ్డంగా ఊపి, చెవిని నమ్మి
ఇంకొక్క వెంట్రుక పైకి లాగాడు.
తర్వాత దండాన్ని రుమాల్లో చుట్టబోయి
ఎందుకో నా చేతికిచ్చాడు.
"కాడ దగ్గర పట్టుకో," అన్నాడు,
ఏడు నెలల్లో నాతో అన్న మొదటి పని మాట.

పట్టుకున్నాను.
అది ఇంకా మోగుతూనే ఉంది,
ఆరంకెలూ వేలికి గరగరా తగులుతూ.