విడిగా దొరకని పుస్తకం

పర్లాకిమిడి కచేరీ వీధిలో
జిరాక్సు కొట్టుకీ కిళ్ళీబడ్డీకీ నడుమ
ఆరడుగుల బైండింగు షాపు నాది.
జూన్ నెల, కరెంటు పోయిన వేళ వచ్చిందా పిల్ల,
ఇతిశ్రీ పాణిగ్రాహి, లా కాలేజీ మొదటి ఏడు.
"దేశానిదొకటి, రాష్ట్రానిదొకటి,
రెండు రాజ్యాంగాలకీ ఒకటే రంగు క్యాలికో వెయ్యి మౌసా" అంది.
చేతిలో మాత్రం ఒకటే ఉంది.
రెండోది దొరగ్గానే తెస్తానని
రెండింటికీ డబ్బులిచ్చి పోయింది.

నాకేటి తెలుసు,
ఏడో తరగతి ఒడియాలో తప్పినవాణ్ణి.
మేనమామ కొలతతో మేనల్లుడికి చొక్కా కుట్టినట్టు
పెద్దదాని మందం చూసి
చిన్నది సగం ఉంటుందిలే అనుకుని అట్ట కోశాను.
వీపు మీద బంగారు రేకుతో అక్షరాలు కూడా అద్దేశాను,
ఒడిశా రాజ్యాంగం అని.

పెద్ద పుస్తకం విప్పాను.
దారం తెంపి, ఫారాలు విడదీసి,
ఎండిన జిగురు గీకుతుంటే
సవరణ చీటీలు రాలేయి ఒళ్ళోకి,
ఏ ముసలి వకీలో అన్నం మెతుకులతో అంటించినవి.
ఒక్కోదానికీ గుడ్డ పట్టీ వేసి కుట్టాను.
ముందు ముందు వచ్చేవాటికని
నాలుగు ఖాళీ పట్టీలు వదిలాను.
లావెక్కే జాతి ఇది.

రథయాత్ర వెళ్ళిన వారానికి
ఉత్త చేతుల్తో వచ్చింది ఇతిశ్రీ.
"లేదు మౌసా. దొరకలేదని కాదు, అసలు లేదట."
నేను కుట్టిన పుస్తకాన్నే నా బల్ల మీద తెరిచింది.
ఆరో భాగం. నూట యాభై రెండు నుంచి
రెండొందల ముప్పై ఏడు దాకా.
గవర్నరు, మంత్రులు, శాసనసభ, హైకోర్టు.
"మరి మన పేరేదమ్మా ఇందులో?"
"పేరుండదు. రాష్ట్రం అని ఉంటుంది, అంతే."
"మహేంద్రతనయ అవతల, పాతపట్నానికో?"
"ఇవే పేజీలు."

అవతలే మా చెల్లెలు గున్నమ్మ ఇల్లు.
దాని రేషను కార్డు వేరు, నాది వేరు.
దాని పొలానికి అడంగలు, నా ఇంటికి పట్టా.
దానికి సెలవైన రోజు నాకు పని,
బస్సు రంగు సైతం కలవదు.
యాభై ఏళ్ళు అనుకున్నాను
వాళ్ళదొక పుస్తకం, మాదొక పుస్తకమని.
అవన్నీ పిన్ను కొట్టే సరుకట,
గెజిట్లూ, సర్క్యులర్లూ.
కుట్టేది ఒక్కటేనట.

పేజీలు తిప్పుతూ
మూడొందల యాభై దగ్గర, "క" అన్న చోట ఆగింది.
తక్కువమంది మాట్లాడే భాషల పిల్లలకి
చిన్న తరగతుల్లో అమ్మ భాషలోనే చదువు చెప్పేందుకు
ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని ఉందట.
"మళ్ళీ చదువమ్మా."
మళ్ళీ చదివింది.

మా మనవడు బైరాగి బళ్ళో
తెలుగు మేష్టారు రిటైరయ్యి మూడేళ్ళు.
ఆ కుర్చీ మీద ఇప్పుడు
మధ్యాహ్న భోజనం బియ్యం బస్తా ఉంటోంది.
నాలుగు అర్జీలు పెట్టాను.
నాలుగోదానికి బదులొచ్చింది, పరిశీలనలో ఉందని.

"ప్రయత్నించాలంటే ఎంతమ్మా?
గజాల్లో చెప్పు, పోనీ ఏళ్ళలో చెప్పు."
ఆ పిల్ల వేలు తీయలేదు ఆ మాట మీంచి.
కాసేపాగి,
"పరీక్షలో అడగరు మౌసా" అంది చిన్నగా.

పెద్దది పట్టుకెళ్ళింది. రెండోదాని డబ్బు
తిరిగిచ్చాను, అట్ట నేనే ఉంచుకున్నాను.
బంగారు అక్షరాల ఆ ఖాళీ అట్టలో
నాలుగు అర్జీల నకళ్ళు, ఒక్క జవాబు.
వచ్చినవాళ్ళు వీపు చూసి తీస్తారు,
ఇంత పల్చనేటని నవ్వుతారు.
ఇంకా రాస్తున్నారంటాను.

నిన్న రాత్రి ఐదోది రాశాను.
పైన నంబరు వేశాను ఈసారి, క-తో సహా.
ఎడమ పక్కన అంగుళం వదిలాను,
కుట్టుకి.