రెండు గీతలు

నొప్పి ఎక్కడని అడుగుతాను ముందు.
సైకిలు సంగతి తర్వాత.

అబ్రెహెత్ మోకాలి వెనక మడతలో వేలు పెట్టింది.
తెస్ఫాలెం చిప్ప మీద చెయ్యి వేశాడు.
ఇద్దరిదీ ఒకటే సైకిలు.
పొద్దున మంచులో ఆవిడ పోస్టాఫీసు ఊడవడానికి,
రాత్రి అతను రొట్టెల బట్టీకి.
హ్యాండిల్ ఇంకా వెచ్చగా ఉండగానే
గుమ్మం దగ్గర చేతులు మారుతుంది.

సీటు ఇక్కడ ఎవరు బిగించారు?
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
మొదట్లో రోజుకి రెండుసార్లు మార్చుకునేవాళ్ళట.
తర్వాత స్పానర్ పోయింది.
ఆ తర్వాత ఏదో తగువు, దేనికో చెప్పలేదు.
నీకూ వద్దు నాకూ వద్దని
నడిమికి బిగించేశారు.

నడిమి!
పంచాయితీ పెద్దల నోట్లో బాగుంటుంది ఆ మాట.
మోకాలికి మధ్యవర్తులు పనికిరారు.
అతనికి ఆ ఎత్తు చాలదు,
తొక్కిన ప్రతిసారీ చిప్ప కింద తిరగలి.
ఆవిడకి అదే ఎక్కువ,
పెడల్ అడుక్కి పోయినప్పుడల్లా అందుకోబోయి
నడుం కుంటి బల్లలా అటూ ఇటూ ఊగుతుంది.

గోడ పట్టుకుని ఎక్కమన్నాను.
మడమ పెట్టమ్మా పెడల్ మీద, అడుక్కి తొక్కు.
కాలు చాపినట్టు రావాలి, సాగదీసినట్టు కాదు.
ఇంకా దించాలి. ఇంకొంచెం. ఆఁ.
ఇప్పుడు మడమ తీసి వేళ్ళ మొదలు ఆనించు.
చూశావా, మోకాలు కాస్త వంగింది.
ఆ కాస్తే నిన్ను ముసలితనం దాకా మోసేది.

నాకెవరూ చెప్పలేదు. పందేల రోజుల్లో
చూడ్డానికి బాగుంటుందని సీటు ఆకాశానికెత్తి
మస్సావా నుంచి అస్మరా దాకా కొండంతా తొక్కాను.
ఇప్పుడు మెట్లు దిగుతుంటే
నా మోకాలు నాకంటే ముందు పలుకుతుంది.

మేకుతో కడ్డీ మీద ఆవిడ గీత గీశాను.
పైన అతనిది.
మధ్యలో నా మూడు వేళ్ళ దూరం.
స్పానర్ వెతుక్కునే పని లేకుండా
నా పాత పందెం సైకిలుది, చేత్తో తిప్పే పిడి,
ఊడదీసి పెట్టాను. ఎలాగూ తుప్పు పడుతోంది.

నిన్న బ్రేకు కోసం ఆవిడొచ్చింది, తోసుకుంటూ.
సీటు పై గీత దగ్గరుంది.
ఎక్కి రాలేదేం, అన్నాను.
ఈ పూట ఆయనది కదా కిఫ్లాయ్, ఎత్తి ఉంచాను, అంది.

తగువు తీరిందా అని అడగలేదు.
తీగ బిగించి
డబ్బులు తీసుకున్నాను.